లైను ఇచ్చినవారు

పదివేల మంది కూర్చున్న మైదానంలో ఆఖరి వరుసలో ఉన్నవాడికి కూడా ఉపన్యాసకుడు మంచినీళ్ళు గుటక వేసిన చప్పుడు వినిపించేలా చేయగల మనిషికి, అత్తవారింటి ముందుగదిలో సబ్బుబిళ్ళంత పెట్టె ఒకటి లొంగలేదంటే ఎవరైనా నమ్ముతారా? ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను మాత్రం కుడితిలో పడిందని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ మనిషిని అందరూ సౌండు అంటారు. సభలకూ కచేరీలకూ మైకులూ స్పీకర్లూ అమర్చడం అతని వృత్తి. పని వచ్చినవాడే, కాదనలేం. కాకపోతే పని వచ్చునన్న సంగతి అతనికి కాస్త ఎక్కువగా తెలుసు. భార్య మామూలప్పుడు అతన్ని "నువ్వు" అంటుంది, కోపం వస్తే "సౌండుగారూ" అంటుంది. ఆ మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి నాలుగుసార్లు సౌండుగారూ అంది.

పెట్టె సంగతి తర్వాత చెబుతాను. ముందు కన్ను సంగతి చెప్పాలి. ఈ గొడవంతా ఆ కన్ను కోసమే.

సౌండు మామగారు ముప్పై ఎనిమిదేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. అక్కడ ఆయన్ని మాస్టారు అనేవారు. ఆయన కుడికన్ను చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రం. మనిషి వచ్చాడని తెలుస్తుంది, ముఖం తెలియదు. కాబట్టి ముప్పై ఎనిమిదేళ్ళ అచ్చుతప్పులన్నిటినీ పట్టింది ఎడమకన్ను ఒక్కటే. రిటైరయ్యాక కూడా కష్టమైన పుస్తకం వస్తే అచ్చాఫీసువాళ్ళు ఆయనకే పంపేవారు. అలా వచ్చిన ఒక పుస్తకం తెరిచి, మాస్టారు అచ్చాఫీసు కంప్యూటరు ఆపరేటరుకు ఫోను చేసి చెడామడా తిట్టారు. పంక్తులన్నీ నడుమ వంగిపోయాయట, అక్షరాలు గుంటలో పడ్డట్టు ఉన్నాయట. ఆపరేటరు హడలిపోయి మళ్ళీ తీసి పంపాడు. అదీ వంకరే. మూడోసారీ వంకరే. నాలుగోసారి అతనే స్వయంగా వచ్చి, కాగితం మీద స్కేలు పెట్టి చూపించాడు. పంక్తులు తిన్నగానే ఉన్నాయి. వంగింది మాస్టారి చూపు.

కంటి వెనక పొరలో, సరిగ్గా చదివేచోట, సూదిబెజ్జమంత చిల్లు పడిందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషను చేసి కంట్లోకి గ్యాసు బుడగ ఎక్కించింది. తల కిందికి వంచి ఉంటే బుడగ పైకి తేలి చిల్లును ఒత్తి పట్టుకుంటుంది. తల ఎత్తితే పక్కకు తప్పుకుంటుంది. అందుకని తిండికీ స్నానానికీ తప్ప పదిరోజులు బోర్లా పడుకోవాలి. "నేను చేయాల్సింది చేశాను మాస్టారూ, మిగతాది మీ మెడ చేతుల్లో ఉంది" అని పంపించింది.

ముందుగదిలో మంచం వేశారు. మంచం చివర నడుమ ఖాళీ ఉన్న గుండ్రటి దిండు బిగించారు. అందులో ముఖం పెట్టుకుంటే మాస్టారికి కనిపించేది మూడు నేలపలకలు, వాటి మీద వచ్చేపోయేవాళ్ళ పాదాలు. ఆ మాత్రం చూడడానికి కుడికన్ను చాలు. కానీ ముప్పై ఎనిమిదేళ్ళు రోజుకు నూరు పేజీలు మింగిన మనిషి మూడు పలకలతో ఎంతసేపని కాలక్షేపం చేస్తాడు? తలుపు చప్పుడైతే తల ఎత్తేవారు. చప్పుడు కాకపోతే, ఎందుకు కావడం లేదా అని ఎత్తేవారు. కూతురు పక్కన కాగితం పెట్టుకుని ఎత్తినప్పుడల్లా ఒక గీత గీసింది. మొదటిరోజు సాయంత్రానికి ముప్పై ఒక్క గీతలు.

"నాన్నా, కన్ను కావాలా వద్దా?" అని ఏడ్చేసింది.

"కావాలనే ఉందే. మెడ వినడం లేదు" అన్నారాయన. ఆయన గొంతులో కూడా ఏడుపే ఉంది.

మంచం కింద సెల్‌ఫోను పెట్టి పాటలు పెట్టి చూశారు. "డబ్బాలో దోమను పెట్టి వినిపిస్తున్నారా?" అన్నారు మాస్టారు. పైగా పాట నడుమ ఎవరో ఒకరు ఫోను చేయడం, ఈయన తల ఎత్తడం.

అప్పుడు రంగంలోకి దిగాడు మన సౌండు. రెండోరోజు మధ్యాహ్నం తన పాత ఆంప్లిఫయరూ, నడుమెత్తు స్పీకర్లు రెండూ తెచ్చి గోడవారన నిలబెట్టాడు. వాటికి తగిలించడానికి కొత్తగా కొన్న పెట్టె ఒకటి జేబులోంచి తీశాడు. అది ఇంట్లో ఉన్న వైఫైకి కలిస్తే చాలు, ఎవరి ఫోనుతోనూ పనిలేకుండా నెట్ నుంచి పాటలూ కచేరీలూ, ఎవరో చదివి పెట్టిన పుస్తకాలూ లాక్కొచ్చి స్పీకర్లకు అందిస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆపకుండా నడుస్తుంది.

"ఐదు నిమిషాల పని" అన్నాడు.

ఐదు నిమిషాల పని అన్నవాణ్ణి ఎప్పుడూ నమ్మకూడదు. అరగంట అన్నవాడు గంటలోనైనా చేస్తాడు.

మంచం పక్కన స్టూలు మీద అత్తగారు కూర్చుని ఉన్నారు. ఆవిడ అరచెయ్యి భర్త మెడ మీద ఉంది. తల లేవబోతే ఆ చెయ్యి మెత్తగా వారిస్తుంది. నిన్నటి నుంచి ఆ చెయ్యి అక్కడే ఉంది. ఆవిడ ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పనిచేశారు. ఆ కాలంలో ఫోనెత్తితే ముందు ఒక ఆడగొంతు పలికేది, నంబరు అడిగి తీగ గుచ్చి లైను కలిపేది. ఆ గొంతుల్లో ఒకటి ఆవిడది. చల్లగా, తొణక్కుండా, ఒకే స్థాయిలో ఉంటుంది. సౌండుకు ఆవిడంటే గౌరవమే. కానీ ఆ ఉద్యోగమంటే, ఎడ్లబండి తోలేవారంటే ఉన్నంత గౌరవం. పోయిన కాలం పని అనుకునేవాడు.

"నేనేమైనా చెయ్యాలా బాబూ?" అని అడిగారావిడ.

"మీరు కదలకండి అత్తయ్యగారూ. ఇది మా డిపార్టుమెంటు."

ఆవిడ కదల్లేదు.

పెట్టెకు కరెంటు పెట్టగానే ముందువైపు నారింజరంగు దీపం వెలిగి ఆరుతూ ఉంది. ఫోనులో యాప్ తెరిచాడు. ఇంటి వైఫై పేరు ఎంచుకున్నాడు. రూటరు కింద అంటించిన చీటీ చూసి పాస్‌వర్డు కొట్టాడు. దీపం గబగబా మిణికింది. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. పెట్టె "టుంగ్" మని నీరసంగా ఒక శబ్దం చేసి మళ్ళీ నారింజ రంగులోకి వచ్చేసింది. నడుమెత్తు స్పీకర్ల లోంచి వచ్చిన టుంగ్ అది, చిన్నది కాదు.

మాస్టారి తల లేచింది. "అయిందా?"

"ఇంకా లేదు మామయ్యగారూ. పడుకోండి, పడుకోండి."

కూతురు గీత గీసింది.

రెండోసారి పాస్‌వర్డు ఒక్కొక్క అక్షరమే చూసి కొట్టాడు. టుంగ్. తల లేచింది, గీత పడింది. పెట్టెను రూటరు పక్కనే పెట్టి చేశాడు. టుంగ్. మూడో టుంగ్ తర్వాత అత్తగారు "బాబూ, ఆ రిజి..." అని నోరు తెరిచారు. అతను వెనక్కి చూడకుండా చెయ్యి ఎత్తి "ఒక్క నిమిషం అత్తయ్యగారూ, దొరికేసింది" అన్నాడు. ఏమీ దొరకలేదు. రూటరు ఆపి వేశాడు. పెట్టెను ఆపి వేశాడు. యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించాడు. అన్నిటికీ ఒకటే జవాబు.

"సౌండుగారూ," అంది భార్య పంటి బిగువున, "మీరు పాట పెట్టడం అటుంచి, మా నాన్న కన్ను ఊడగొట్టేలా ఉన్నారు."

"పెట్టెలోనే ఏదో లోపముంది. ఈ కంపెనీ సరుకే అంత."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు."

ఆ మాట అతనికి గట్టిగా తగిలింది. పెట్టె మంచిదో చెడ్డదో తేల్చాలని, తన ఫోను నుంచే నెట్ వదిలి దానికి అంటించాడు. వెంటనే పచ్చదీపం! స్పీకర్లలో వేణువు మొదలైంది. గది గదంతా మారిపోయింది. మాస్టారి భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఏడు నిమిషాలు తల కదల్లేదు. కూతురు పెన్సిలు కింద పెట్టేసింది. ఎనిమిదో నిమిషంలో సాయంత్రం సభ తాలూకు మనిషి సౌండుకు ఫోను చేశాడు. వేణువు పీక నొక్కినట్టు ఆగింది. తల లేచింది.

"ఏమయిందయ్యా? వాయించేవాడు మంచి పట్టులో ఉన్నాడు!"

అది పనికిరాని దారి అని అతనికీ తెలుసు. ఐదింటికి సభకు పోతే తనతోపాటు ఫోనూ పోతుంది. ఈయన మళ్ళీ మూడు పలకలతో మిగిలిపోతారు. కానీ ఒకటి తేలింది. పెట్టె మంచిదే. అంటే తప్పు రూటరుదన్నమాట. మెడ వెనక చెమట తుడుచుకుని, భార్య జడలోంచి పిన్ను లాగాడు. రూటరు వెనక చిన్న బెజ్జం ఉంటుంది. అందులో పిన్ను గుచ్చి పది లెక్కపెడితే, లోపల రాసుకున్నదంతా చెరిగిపోయి పుట్టినప్పటి స్థితికి వచ్చేస్తుంది.

"బాబూ, ఆగండి."

గొంతు పెరగలేదు. కానీ సౌండు చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు ఎంతమంది తొందరపాటుగాళ్ళను ఆ గొంతు అలా ఆపిందో.

అత్తగారు కూతుర్ని పిలిచి, తన చెయ్యి తీయకముందే దాని పక్కన ఆమె చెయ్యి పెట్టించి, అప్పుడు లేచారు. "ఆ పెట్టెకు లైను ఇచ్చారా బాబూ?"

"పాస్‌వర్డు ఇచ్చానండీ. పన్నెండుసార్లు ఇచ్చాను."

"పాస్‌వర్డు కాదు. లైను."

ఆవిడ రూటరు పక్క అలమరా దగ్గరికి వెళ్ళి, రెండు గంటలుగా సౌండు తన వైర్ల సంచీ పెట్టుకున్న చోట, సంచీ పక్కకు జరిపి, దాని కిందినుంచి ఒక పొడుగాటి అట్ట రిజిస్టరు తీశారు. పిల్లను చంకనపెట్టుకుని సంతంతా వెతికాడంటే ఇదే.

రిజిస్టరులో నాలుగు గడులు. నంబరు, పరికరం, తేదీ, లైను ఇచ్చినవారు. చేతిరాత ముత్యాల వరుస. ఒకటి, అమ్మాయి కంప్యూటరు. రెండు, ఆయన ఫోను. మూడు, టీవీ. ప్రతి వస్తువుకూ పుట్టుకతో వచ్చే పన్నెండు అక్షరాల గుర్తు దాని ఎదురుగా రాసి ఉంది. పాడైపోయినవాటికి స్కేలుతో తిన్నగా గీత కొట్టి, తేదీ వేసి ఉంది. లైను ఇచ్చినవారు అన్న గడిలో పైనుంచి కిందిదాకా ఒకటే మాట, "నేను".

"ఒకసారి పక్కవాటావాళ్ళ టీవీ మన లైనులోకి వచ్చేసిందండీ," అన్నారావిడ, నేరం ఒప్పుకుంటున్నట్టు. "పాస్‌వర్డుదేముంది, నోట్లోంచి నోట్లోకి పోతుంది. అప్పటినుంచి రూటరుకు జాబితా రాసిచ్చాను. ఇందులో ఉన్నవాటికే లైను. మిగతావాళ్ళు పాస్‌వర్డు చెప్పినా సరే, గుమ్మంలోంచే పంపేస్తుంది. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకుండా లైను కలపకూడదని మాకు మొదటిరోజే నేర్పారు."

సౌండు ఇలాంటి కట్టుదిట్టం పెద్ద పెద్ద ఆఫీసుల్లో చూశాడు. దాన్ని చూసుకోవడానికి అక్కడ ప్రత్యేకంగా మనుషులుంటారు. "ఇదంతా మీకెవరు నేర్పారండీ?"

"రూటరుతో పుస్తకం వస్తుంది కదా బాబూ. చదివాను."

పుస్తకం చదివారట! తన జీవితంలో సౌండు ఏ యంత్రంతో వచ్చిన పుస్తకాన్నీ చదివిన పాపాన పోలేదు.

"మరి మొదట్లోనే చెప్పొచ్చు కదండీ?"

"మీ వృత్తి కదా. నేను చెబితే చిన్నబుచ్చినట్టు ఉంటుందేమో అనుకున్నాను. మీరేదో కొత్త పద్ధతిలో చేస్తున్నారనుకున్నాను. ప్రతిసారీ ఇదే ఆఖరిది, ఇదే ఆఖరిది అనుకుంటూ..." ఆవిడ మంచం వైపు చూసి ఆగిపోయారు.

అడిగితే అలుసైపోతానేమోనని అతను, చెబితే అతను చిన్నబోతాడేమోనని ఆవిడ. ఇద్దరి మర్యాదల నడుమ నలిగింది మూడోమనిషి మెడ. మర్యాదకు కూడా ఒక హద్దుండాలని నేనైతే అంటాను.

"క్షమించండి అత్తయ్యగారూ" అన్నాడు సౌండు. ఆ మాట అతని నోట రావడం భార్య మొదటిసారి విని, తండ్రి మెడ మీది చెయ్యి తీయకుండానే తల తిప్పి చూసింది.

"దానికేముంది. దాని అడుగున గుర్తు ఉంటుంది, చదవండి."

పెట్టె తిరగేసి, చీమతలకాయలంత అక్షరాలను కళ్ళు చికిలించి చదివాడు. అతను రెండేసి చదువుతుంటే ఆవిడ రెండేసి తిరిగి చెబుతూ రాసుకున్నారు. ఆ తిరిగి చెప్పడంలో ఎంత అందముందో! ఒక అంకె మీద ఇంకో అంకె పడదు, ఒక అక్షరం పక్కదాన్ని తాకదు. ఇన్నేళ్ళుగా మైకుల ముందు మాట్లాడిన మహామహుల్లో ఇంత శుభ్రమైన ఉచ్చారణ అతను వినలేదు. ఈ గొంతుకు ఏ మైకూ అక్కర్లేదు, ఏ మీటా తిప్పనక్కర్లేదు అనుకున్నాడు.

తర్వాత ఆవిడ తన పాత లాప్‌టాప్ తెరిచి రూటరు లోపలి చిట్టా తీశారు. లైను దొరక్క వెనక్కి పోయినవాళ్ళ వివరం అది. ఒకే గుర్తు పదకొండుసార్లు ఉంది.

"పదకొండేనా? నేను పన్నెండన్నాను" అన్నాడు సౌండు.

"ఒకసారి మీరు పెట్టె ఆపేసి పాస్‌వర్డు కొట్టారు. నేను చూశాను." ఆవిడ తెర మీద వేలు పెట్టి తను రాసుకున్నదానితో పోల్చారు. "ఐదో జత మళ్ళీ చూడండి బాబూ. మీరు బి అన్నారు. ఇక్కడ ఎనిమిది ఉంది."

ఫోను దీపం వేసి చూశాడు. ఎనిమిదే.

"పాపం, పదకొండుసార్లు తలుపు తట్టింది" అన్నారావిడ పెట్టెను చూసి, నిజంగానే జాలిపడుతూ.

"నాన్న తొమ్మిదిసార్లు లేచాడు," అంది కూతురు కాగితం చూసి. "రెండుసార్లు కునుకులో ఉండి బతికిపోయాడు."

ఆవిడ రూటరుకు జాబితా సరిచేస్తుంటే సౌండు రిజిస్టరు పేజీలు తిప్పాడు. పదిహేడో నంబరు దగ్గర ఆగిపోయాడు. "అల్లుడుగారి ఫోను." పక్కన తేదీ. అతనికి బాగా గుర్తున్న తేదీ. ఆఫీసు సభకు మైకులు పెట్టినతను అని చెప్పి, ఇప్పటి తన భార్య అతన్ని మొట్టమొదటిసారి ఈ ఇంటికి తీసుకొచ్చిన రోజు. ఆ రోజు ఆవిడ రెండు నిమిషాలు ఫోను ఇమ్మని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఏదో పుస్తకంలో రాసుకుని తిరిగి ఇచ్చేశారు. తన ఫోన్ నంబరు రాసుకుంటున్నారేమో అనుకున్నాడు. ఆ తర్వాత నాలుగు నెలలు ఇంట్లో తర్జనభర్జనలు నడిచాయి. మైకులు మోసేవాడికి పిల్లనివ్వడమేమిటని మాస్టారే పదిసార్లు అన్నారట.

"అత్తయ్యగారూ, ఇది... అప్పటికింకా ఏమీ..."

ఆవిడ తల ఎత్తకుండానే అన్నారు. "వచ్చి పోయేవాళ్ళకు నేను లైను ఇవ్వను బాబూ. మూడు నిమిషాల మాటకు కలిపామా, బతుకంతా ఉండే మాటకు కలిపామా, ముప్పై ఏళ్ళు గొంతులు విన్నాక ఆ మాత్రం తెలుస్తుంది."

పన్నెండేళ్ళుగా ఇతరుల గొంతులు సరిచేస్తున్న మనిషికి ఆ పూట తన గొంతు దారికి రాలేదు.

"ఇప్పుడు పెట్టండి" అన్నారావిడ.

పెట్టాడు. దీపం మిణికింది, ఆగింది, పచ్చబడింది. టుంగ్ లేదు. వేణువు ఎక్కడ తెగిందో అక్కడే అందుకుంది. సౌండు ఫోను ఎవరో చేస్తే మోగింది కూడా, అయినా వేణువు ఆగలేదు.

మంచం మీంచి తల లేవకుండానే మాట వచ్చింది. "ఎవరు కలిపారూ?"

సౌండు జవాబు చెప్పేలోపే అత్తగారు అన్నారు. "అల్లుడుగారు."

అన్నదానికి సాక్ష్యంగా రిజిస్టరులో ముప్పై ఒకటో వరుస రాశారు. పాటల పెట్టె. పన్నెండు అక్షరాలు. తేదీ. లైను ఇచ్చినవారు, అల్లుడుగారు. అతను వద్దనబోతే వేలు పెదవి మీద పెట్టి, మంచం వైపు చూపించారు. నిండు కుండ తొణకదంటారు. ఆ కుండను అంత దగ్గరగా చూడడం సౌండుకు అదే మొదలు. ఆ సాయంత్రం సభలో మీటలు తిప్పుతూ కూడా అతని బుర్రలో ఆవిడే ఉన్నారు.

ఆ తర్వాత ఎనిమిది రోజులు పెట్టె పాడింది, చదివింది, వాయించింది. మాస్టారు బోర్లా పడుకునే పుస్తకాలు చదివినవాళ్ళను దిద్దారు. "ఆ మాట మింగేశాడు. వాక్యం ఐపోకుండానే ఊపిరి పీల్చాడు" అని పలకలకు చెప్పుకున్నారు. కూతురి కాగితం మీద గీతలు ఆరు, మూడు, ఒకటిగా తగ్గి, ఆఖరి నాలుగు రోజులూ అసలు లేవు. పదకొండోరోజు ఆయన లేచి కూర్చుంటే మెడ ఒక పక్కకు ఒరిగిపోయింది, అందరూ నవ్వారు. బుడగ కరగడానికి ఇంకో ఆరువారాలు పట్టింది. అప్పుడు డాక్టరమ్మ యంత్రం పెట్టి చూసి, చిల్లు మూసుకుపోయిందని చెప్పింది. "చూపు తిన్నబడిందా లేదా అన్నది మాత్రం మీరు చదివి చెప్పాలి" అంది.

ఇంటికి వచ్చాక కూతురు కొత్త పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. మాస్టారు దాన్ని తెరవలేదు. అట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు.

"భయంగా ఉందే" అన్నారు, చిన్నపిల్లవాడిలా. "అచ్చులో పంక్తులు మళ్ళీ వంగి కనిపిస్తే, ఇక తట్టుకోలేను."

ఎవరూ బలవంతపెట్టలేదు. పుస్తకం పక్కన పెట్టి ఆయనే అన్నారు. "మీ అమ్మ రిజిస్టరు ఇలా ఇవ్వు. అది నాకు కంఠోపాఠం. ముప్పై ఏళ్ళుగా ఆవిడ రాసినదాంట్లో తప్పు పట్టాలని ఎర్రకలం పట్టుకుని కూర్చుంటున్నాను. ఒక్కటి దొరికితే ఒట్టు."

రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, కుడికన్ను చేత్తో మూసుకుని, ఎడమకంటితో మెల్లగా పైనుంచి కిందికి వచ్చారు. "నేను... నేను... నేను..." అని చదువుతూ, ముప్పై ఒకటో వరుస దగ్గర ఆగారు.

"లైను ఇచ్చినవారు, అల్లుడుగారు." తల ఎత్తి భార్యను చూశారు. "దొరికింది."

"ఏం దొరికింది?" అన్నారావిడ.

"తప్పు. ముప్పై ఏళ్ళకు ఒకటి." జేబులోంచి ఎర్రకలం తీశారు. "బోర్లా పడుకున్నవాడికి మాటలు వినిపిస్తాయనీ, పాదాలు కనిపిస్తాయనీ మరిచిపోయారు మీరంతా. ఆ రోజు నా మూడు పలకల మీద అల్లుడి పాదాలు రెండు గంటలు గానుగెద్దులా తిరిగాయి, తిరిగిన ప్రతిసారీ టుంగ్ మంది. నీ పాదాలు ఒక్కసారి లేచి వెళ్ళాయి, వేణువు వచ్చింది. ఎవరు కలిపారని అడిగింది తెలియకనా? నువ్వేం చెబుతావో విందామని."

సౌండు ముఖం ఎర్రబడింది. కానీ గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఏడువారాలుగా మోస్తున్నాడు దాన్ని. "ఆ కలం నాకివ్వండి మామయ్యగారూ. నేను దిద్దుతాను."

"రిజిస్టరులో కొట్టివేతలు బాగుండవు బాబూ" అన్నారు అత్తగారు.

"అబద్ధాలు ఇంకా బాగుండవు" అన్నారు మాస్టారు, కలం అల్లుడి చేతికిస్తూ.

సౌండు నిలబడే, తొందరగా, "అల్లుడుగారు" మీద గీత కొట్టి, పక్కన "అత్తయ్యగారు" అని రాసి ఆయన ఒళ్ళో పెట్టాడు. మాస్టారు పేజీని కంటికి దగ్గరగా తెచ్చుకున్నారు. కాస్త దూరంగా పెట్టి చూశారు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నారు. ఆయన నవ్వు చెరిగిపోయింది.

"గీత వంకరగా ఉంది" అన్నారు.

పెట్టె ఏదో వాయిస్తూనే ఉంది. కూతురు గోడకు ఆనుకుంది. సౌండుకు ఆ ముప్పై ఒక్క గీతలూ, తన తొమ్మిది గీతలూ కళ్ళముందు నిలబడ్డాయి. ఆ తొమ్మిదింటిలో ఏ ఒక్కటో ఆ కన్ను తీసిందనుకున్నాడు.

అత్తగారు అలమరా సొరుగు లాగి స్కేలు తెచ్చారు. భర్త ఒళ్ళో ఉన్న పేజీ మీద, ఎర్రగీతకు ఆనించి పెట్టారు. మాస్టారూ, ఆవిడా, సౌండూ వంగి చూశారు. గీత మొదలు స్కేలును తాకుతోంది, చివరా తాకుతోంది. నడుమ నువ్వుగింజంత ఎత్తున లేచి, స్కేలుకూ దానికీ మధ్య తెల్లకాగితం కనిపిస్తోంది.

గీత నిజంగానే వంకర. నిలబడి, తొందరపడి, సౌండు కొట్టిన గీత అది.

"నేను చెప్పలా?" అన్నారు మాస్టారు. అని, ఆ పైన ఆవిడ స్కేలు పెట్టి కొట్టిన పాత గీతలను వేలితో తడుముతూ వెళ్ళారు. "ఇది తిన్నగా ఉంది. ఇదీ తిన్నగానే ఉంది. ఇదీనూ." ఎడమకంట్లోంచి నీళ్ళు కారి పేజీ మీద పడుతుంటే కూతురు వచ్చి రిజిస్టరు తీసుకోబోయింది, ఆయన ఇవ్వలేదు.

అత్తగారు స్కేలు అల్లుడి చేతికి అందించారు.

"ఈసారి ఇది పెట్టి కొట్టండి బాబూ" అన్నారు. గొంతుల సంగతి బాగా తెలిసిన సౌండుకు, ఆ గొంతు వణకడం మొదటిసారి వినిపించింది.